చంటిబిడ్డకు హెచ్‌ఐవీ పీసీఆర్ పరీక్ష: 6వ వారం నుంచి 18వ నెల దాకా ఏ తేదీన ఏం చేయించాలి

మీకు హెచ్‌ఐవీ ఉండి ఒళ్లో చంటిబిడ్డ ఉంటే ఇది మీ కోసం. మీ చెల్లెలో, మీ కోడలో, ఆశా కార్యకర్తగా మీరు చూసుకునే బాలింతో ఆ పరిస్థితిలో ఉన్నా మీకు పనికొస్తుంది. ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షలు జరిగే కేంద్రంలో, కౌన్సిలర్‌గా చాలా ఏళ్లు తల్లుల ఎదురుగా కూర్చున్నాను. తలుపు వేసుకోగానే వాళ్లు అడిగేది ఒకటే: "నా బిడ్డకు వచ్చిందా మేడమ్?"

దానికి జవాబు ఒక్క రోజులో, ఒక్క పరీక్షతో తేలదు. 18 నెలల్లో నాలుగు తేదీలు ఉంటాయి. ఏ తేదీన ఏ పరీక్ష అడగాలో, రిపోర్టులో ఏ మాటకు ఏం అర్థమో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఈ పరీక్షకు మన దేశంలో ప్రభుత్వం డబ్బు తీసుకోదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 2010లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఇది జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఐసీటీసీ ఉన్న ప్రభుత్వాసుపత్రిలో అడగండి. ఆ పేరు గుర్తు లేకపోతే "హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ గది ఎక్కడ" అంటే చూపిస్తారు. ఎవరినీ అడగలేని పరిస్థితి అయితే 1097కి ఫోన్ చేయండి, ఆ నంబరుకు ఛార్జీ పడదు.

మామూలు కిట్టు పరీక్ష ఒక్కదానితో తేల్చుకోకండి

అన్నిటికంటే ముందు ఇది చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒక అమ్మాయి పుట్టింట్లో ప్రసవించింది. రెండో నెలలో బిడ్డకు జ్వరం వస్తే దగ్గర్లోని ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేయించారు. వాటిలో హెచ్‌ఐవీ కిట్టు పరీక్ష కూడా ఉంది. పాజిటివ్ అని కాగితం చేతిలో పెట్టారు. ఆ రాత్రి నుంచి ఆమె బిడ్డకు పాలివ్వడం మానేసింది. పది రోజుల తర్వాత మా గదికి వచ్చేటప్పటికి సీసాపాలతో బిడ్డకు విరేచనాలు పట్టుకుని, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేయిస్తే వైరస్ లేదని వచ్చింది. 18 నెలలు నిండాక చేసిన చివరి పరీక్షలోనూ లేదు.

ల్యాబు కిట్టు తప్పు చూపించలేదు. మామూలు కిట్టు వెతికేది వైరస్ కోసం కాదు, వైరస్ మీద పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల కోసం. తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి కడుపులో బిడ్డకు చేరతాయి. అవి పూర్తిగా కరిగిపోవడానికి 18 నెలల దాకా పట్టవచ్చు. అంతవరకూ బిడ్డ రక్తంతో కిట్టు మీద కనిపించే గీత తల్లి సంగతి చెబుతుందే తప్ప బిడ్డకు సోకిందో లేదో చెప్పదు. కాబట్టి ఏడాదిన్నర లోపు బిడ్డకు ఎవరైనా కిట్టు పరీక్ష చేసి పాజిటివ్ అంటే, కంగారుపడి పాలు ఆపకండి. ఆ కాగితం తీసుకుని ఐసీటీసీకి వెళ్లి "పీసీఆర్ చేయండి" అని అడగండి.

పీసీఆర్ దేన్ని పట్టుకుంటుంది

హెచ్‌ఐవీ తన జన్యు సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏ రూపంలో మోసుకొస్తుంది. మన తెల్ల రక్తకణంలోకి దూరాక ఆ ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు తయారుచేసుకుని, దాన్ని మన కణం డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. అంటే వైరస్ రెండు చోట్ల ఉంటుంది: రక్తంలో తిరుగుతూ ఆర్‌ఎన్‌ఏగా, కణంలో దాక్కుని డీఎన్‌ఏగా. బిడ్డలకు మన కార్యక్రమంలో చేసే పీసీఆర్ ఈ రెండింటినీ కలిపి వెతుకుతుంది. బిడ్డ నివారణ మందు తాగుతున్నప్పుడు, తల్లి ఏఆర్‌టీ మందులు, అంటే వైరస్‌ను అదుపులో ఉంచే మందులు, వాడుతూ పాలిస్తున్నప్పుడు, ఒకవేళ బిడ్డకు వైరస్ సోకి ఉన్నా రక్తంలో ఆర్‌ఎన్‌ఏ తగ్గిపోయి ఉండవచ్చు. కణంలో దాగిన డీఎన్‌ఏ అంత తొందరగా పోదు. రెండింటినీ వెతకడానికి అదీ కారణం.

బిడ్డ మడమ నుంచి తీసే రక్తం చాలా తక్కువ. అందులో వైరస్ ముక్కలు ఇంకా తక్కువ. అందుకే ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ఆ తర్వాత యంత్రంలో వేడిచేసి చల్లార్చుతూ వాటి సంఖ్య పెంచుతారు. సుమారు 95 డిగ్రీల వేడికి డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. కాస్త చల్లబడ్డాక హెచ్‌ఐవీకే సరిపోయే చిన్న ముక్కలు వచ్చి అతుక్కుంటాయి, అక్కడి నుంచి కొత్త పోగు అల్లుకుంటుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఒక్క ముక్కతో మొదలైనా 30 సార్లు తిప్పితే లెక్క ప్రకారం 107 కోట్లు దాటతాయి. హెచ్‌ఐవీ ముక్క లేకపోతే అతుక్కోవడానికి చోటే ఉండదు, ఏదీ పెరగదు. క్యారీ ముల్లిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1983లో ఈ పద్ధతి ఆలోచించి, 1993లో దానికే నోబెల్ అందుకున్నారు. హెచ్‌ఐవీ వైరస్‌ను పారిస్‌లో కనిపెట్టిందీ 1983లోనే. ఆ రెండూ కలిసి ఇవాళ మన ఊరి బిడ్డ మడమ దగ్గర పనిచేస్తున్నాయని తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

కాన్పుకు ముందే చేసుకోవాల్సిన పనులు

ఎనిమిదో నెలలో, అంటే 32 వారాలు దాటాక, మీ వైరల్ లోడు పరీక్ష చేయించమని ఏఆర్‌టీ సెంటర్‌లో అడగండి. ఇదీ పీసీఆర్ లాంటి పరీక్షే, కాకపోతే ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని వైరస్ ప్రతులున్నాయో లెక్క చెబుతుంది. 1000 కంటే తక్కువ ఉంటే బిడ్డకు మామూలుగా ఒక నివారణ సిరప్ 6 వారాలు పోస్తారు. అంతకంటే ఎక్కువ ఉన్నా, నొప్పులు మొదలయ్యే వేళకే మీ ఇన్ఫెక్షన్ బయటపడినా రెండు మందులు ఇస్తారు, తల్లిపాలు తాగే బిడ్డకైతే 12 వారాల దాకా. ఆ వైరల్ లోడు కాగితం కాన్పు సంచిలో ఉంచుకోండి.

పుట్టింటికి వెళ్తున్నారా? అయితే ఇంకో పని. మన దగ్గర తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం, మూడో నెలో అయిదో నెలో వచ్చాక అత్తారింటికి తిరిగి రావడం మామూలే. 6వ వారం సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. పేరు ఒక జిల్లాలో, మనిషి ఇంకో జిల్లాలో ఉంటే బిడ్డ పరీక్ష జారిపోతుంది. వెళ్లే ముందు మీ కౌన్సిలర్‌ను అడిగి పుట్టింటి దగ్గరున్న ఐసీటీసీకి రెఫరల్ చీటీ రాయించుకోండి, అక్కడి కౌన్సిలర్ ఫోన్ నంబరు కూడా తీసుకోండి.

6వ వారం: తేదీ క్యాలెండరులో రాసి పెట్టుకోండి

పుట్టిన రోజు నుంచి 42 రోజులు లెక్కపెట్టండి. "పుట్టగానే చేసేస్తే అయిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. కాన్పు సమయంలో సోకిన వైరస్ పరీక్షకు అందేంతగా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. పుట్టిన రోజే చేస్తే అది దొరకకపోవచ్చు. 6 వారాలకు కడుపులో సోకినదీ, కాన్పులో సోకినదీ చాలావరకు బయటపడతాయి.

అలాగని ఆలస్యం కూడా చేయకూడదు. దీని గురించి తల్లులతో నేను ఎప్పుడూ సూటిగానే మాట్లాడాను. వైరస్ సోకి మందు పడని బిడ్డల్లో మూడో వంతు మొదటి పుట్టినరోజు లోపే, సగం మంది రెండేళ్ల లోపే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దక్షిణాఫ్రికాలో జరిగి 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, సోకిన బిడ్డలకు లక్షణాల కోసం ఆగకుండా వెంటనే మందు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయి. అంత తేడా ఉంది కాబట్టే తేదీ విషయంలో ఇంత పట్టుబడుతున్నాను.

ఇంట్లో అందరికీ మీ సంగతి తెలియకపోవచ్చు. అత్తగారికి ఏం చెప్పి బయల్దేరాలి అన్నది చాలామందికి అన్నిటికంటే పెద్ద కష్టం. 6వ వారంలోనే పెంటావాలెంట్, రోటా, పోలియో టీకాలు ఉంటాయి. టీకా ఉన్న రోజునే ఆసుపత్రికి వచ్చి, అటే ఐసీటీసీకి వెళ్లండి. తల్లీబిడ్డల కార్డు చేతిలో ఉంటే ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. వచ్చే ముందు రోజు ల్యాబు టెక్నీషియన్ ఉంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

రక్తం తీసేటప్పుడు మీరు గమనించాల్సినవి

సూదితో నరంలోంచి తీయరు. మడమ పక్క భాగంలో చిన్న లాన్సెట్‌తో గుచ్చి, వచ్చే చుక్కలను ఒక మందపాటి ఫిల్టర్ పేపరు కార్డు మీద పడనిస్తారు. కార్డు మీద వరసగా 5 వలయాలు ఉంటాయి. ఒక్కో వలయానికి ఒక పెద్ద చుక్క చాలు. అయిదింటికీ కలిపి అర మిల్లీలీటరు కూడా కాదు. "ఇంత పసిగుడ్డు ఒంట్లో రక్తం తీసేస్తున్నారు" అని అమ్మమ్మలు బాధపడతారు, వాళ్లకు ఈ లెక్క చెప్పండి.

బిడ్డను వెచ్చగా గుడ్డలో చుట్టి తీసుకురండి. వచ్చాక మడమను మీ అరచేతిలో పట్టుకుని కాసేపు వెచ్చబెట్టండి. పాదం చల్లగా ఉంటే రక్తం రాదు, రెండోసారి గుచ్చాల్సి వస్తుంది. బిడ్డను నిలువుగా భుజానికి ఆనించుకుని, కాలు కిందికి వేలాడేలా పట్టుకోండి. టెక్నీషియన్ స్పిరిట్‌తో తుడిచి, అది ఆరేదాకా ఆగి, గుచ్చి, మొదటి చుక్కను దూదితో తుడిచేస్తారు. రెండో చుక్క గుండ్రంగా ఊరి వేలాడే దాకా ఆగి, దాన్ని వలయం మధ్యలో తాకిస్తారు. కార్డుకు బిడ్డ చర్మం తగలకూడదు. చుక్క కార్డు వెనక వైపు కూడా అంతే వెడల్పుగా కనిపించాలి. ఒకే వలయంలో రెండుసార్లు చుక్క వేయకూడదు. పాదాన్ని గట్టిగా పిండకూడదు కూడా, పిండితే కండలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. బిడ్డ ఏడుస్తుంది, మీకూ ఏడుపొస్తుంది. అయిదు వలయాలు నిండగానే దూది అదిమిపట్టి రొమ్ముకు అందించండి, రెండు నిమిషాల్లో ఊరుకుంటుంది.

ఇక కార్డు ఆరడం. ఇందులో ఒకసారి పెద్ద పొరపాటు జరగడం నేను చూశాను. నేను పనిచేసిన ఒక చోట, ఆషాఢంలో, నాలుగు రోజులుగా వాన. టెక్నీషియన్ సాయంత్రం బస్సుకు తొందరపడి, కార్డు పైకి ఆరినట్టు కనిపిస్తే కవర్లో పెట్టేశాడు. లోపల తడి ఉంది. పరీక్షించే ల్యాబు ఆ నమూనా పనికిరాదని తిప్పి పంపింది. ఆ తల్లి నాట్ల కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి మళ్లీ రావాల్సి వచ్చింది. నేను ఆమెకు క్షమాపణ చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, బిడ్డ కాలు చాపి పట్టుకుంది.

కాబట్టి మీరు అడగండి: "కార్డు ఎంతసేపు ఆరబెడతారు?" కనీసం 4 గంటలు, వానాకాలంలో రాత్రంతా, బల్లపరుపుగా, ఎండ తగలకుండా ఆరాలి. ఎర్రటి చుక్కలు ముదురు గోధుమ రంగుకు మారాలి. తర్వాత పలచటి కాగితం చుట్టి, జిప్ కవర్లో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెడతారు. అలా ప్యాక్ చేసిన కార్డుకు ఐసు పెట్టె అవసరం లేదు, మామూలు పార్సిల్‌లా దూరపు ల్యాబుకు వెళ్తుంది. దూరపు ఊళ్లలోని బిడ్డలకు కూడా ఈ పరీక్ష అందుతోందంటే ఆ చిన్న కార్డు వల్లే. గదిలోంచి లేచే ముందు కార్డు మీద బిడ్డ కోడ్ నంబరు, పుట్టిన తేదీ, రక్తం తీసిన తేదీ సరిగా ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.

రిపోర్టు వచ్చేదాకా

సిరప్ డాక్టర్ చెప్పిన రోజుదాకా పోయండి, మధ్యలో ఆపకండి. 6 వారాలు నిండగానే కాట్రిమాక్సజోల్ అనే ఇంకో మందు మొదలుపెడతారు, అది ప్రమాదకరమైన న్యుమోనియా రాకుండా కాపాడుతుంది. బిడ్డకు హెచ్‌ఐవీ లేదని తేలేదాకా అది సాగాలి.

పాల విషయం. మీరు ఏఆర్‌టీ మాత్రలు రోజూ వేసుకుంటూ ఉంటే మొదటి 6 నెలలు రొమ్ముపాలు మాత్రమే ఇవ్వండి. వస కొమ్ము అరగదీసి నాకించడం, తేనె, ఆవుపాలు, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. బయటి పాలూ తల్లిపాలూ కలిపి పట్టడం అన్నిటికంటే ప్రమాదం. పెద్దవాళ్లు పట్టుబడితే "డాక్టరమ్మ ఆరు నెలలు ఏమీ పెట్టొద్దంది" అనండి. ఆ మాట ఏ బిడ్డకైనా నిజమే కాబట్టి మీ సంగతి బయటపడదు.

మీకు ఏ నంబరుకు, ఏ వేళలో ఫోన్ చేయాలో, వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పాలో కౌన్సిలర్‌తో ముందే అనుకోండి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయడం, మీ సంగతి ఇంకొకరికి చెప్పడం తప్పు. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

రిపోర్టు చదవడం

"నాట్ డిటెక్టెడ్" అంటే ఆ రోజు తీసిన రక్తంలో వైరస్ కనిపించలేదని. మంచి కబురే, హాయిగా ఊపిరి పీల్చుకోండి. కానీ పాలిస్తున్నంత కాలం కొంత ప్రమాదం ఉంటుంది, కాబట్టి తర్వాతి తేదీలు వదలకూడదు. ఈ మొదటి నెగెటివ్ చూసుకుని సంతోషంతో మళ్లీ రానివాళ్లే నాకు ఎక్కువ దిగులు పుట్టించేవాళ్లు.

"డిటెక్టెడ్" అంటే వైరస్ కనిపించిందని. అప్పుడు రెండు పనులు ఒకేసారి జరగాలి: నిర్ధారణ కోసం రెండో నమూనా తీయాలి, బిడ్డను ఏఆర్‌టీ సెంటర్‌కు పంపి మందు మొదలుపెట్టాలి. రెండో రిపోర్టు వచ్చేదాకా మందు ఆపి ఉంచకూడదు. రెండోసారి ఎందుకంటే కార్డులు తారుమారు కావచ్చు, ల్యాబులో ఇంకో నమూనా అంటుకోవచ్చు. ఆ రోజు మీరు ఒక్కరే వెళ్లకండి, విషయం తెలిసిన మనిషిని ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. అప్పటి నుంచి మందు సరిగా పడిన పిల్లలు బడికి వెళ్తున్నారు, డిగ్రీలు చదువుతున్నారు, నేను చూస్తున్నాను.

ఒక్కోసారి తేల్చి చెప్పలేని ఫలితం వస్తుంది. యంత్రం చాలాసార్లు తిప్పాక మాత్రమే లీలగా ఏదో కనిపిస్తే ల్యాబు దాన్ని అటూ ఇటూ చెప్పదు, మళ్లీ నమూనా అడుగుతుంది. దాన్ని పాజిటివ్ అనుకోకండి, నెగెటివ్ అనుకోకండి. ఆలస్యం చేయకుండా మళ్లీ మడమ గుచ్చించండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మీ చికిత్స కార్డులో హెచ్‌ఐవీ-2 అని రాసి ఉంటే మొదటి రోజే చెప్పండి. ఈ పీసీఆర్ హెచ్‌ఐవీ-1 కోసం తయారైనది, రెండో రకాన్ని పట్టుకోదు. డాక్టర్ వేరే దారి చెబుతారు. రెండోది, తొందరపడి ప్రైవేటుగా వైరల్ లోడు చేయించి, చాలా చిన్న అంకె వస్తే మీ అంతట మీరే అర్థం తీసుకోకండి. ఆ కాగితాన్ని కూడా ఏఆర్‌టీ డాక్టర్‌కు చూపించండి.

6వ నెల, 12వ నెల

ఈ రెండుసార్లూ ముందు కిట్టు పరీక్ష చేస్తారు. గీత రాకపోతే తల్లి యాంటీబాడీలు కూడా కరిగిపోతున్నాయన్నమాట. గీత వస్తే భయపడకండి, దాని అర్థం ఇంకా తేలలేదు కాబట్టి మళ్లీ కార్డు మీద చుక్కలు తీసి పీసీఆర్‌కు పంపుతారు. 6 నెలల బిడ్డకు మడమ బదులు కాలి బొటనవేలు గుచ్చవచ్చు. ఈ మధ్యలో బిడ్డ బరువు పెరగకపోయినా, నోట్లో తెల్లపూత వదలకపోయినా, మాటిమాటికీ న్యుమోనియా వచ్చినా తేదీ కోసం ఆగొద్దు, ఆ రోజే రండి.

18వ నెల

ముందు వచ్చిన రిపోర్టులన్నీ నెగెటివ్ అయినా ఇది చేయించాలి. 18 నెలలు నిండటం, రొమ్ముపాలు పూర్తిగా మాన్పించి 3 నెలలు కావడం, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అప్పుడు చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకా పాలిస్తూ ఉంటే ఆ మాట దాచకుండా కౌన్సిలర్‌కు చెప్పండి, తేదీ దాన్నిబట్టి మారుతుంది. ఈసారి కార్డు ఉండదు. వేలికొసన గుచ్చి, పెద్దవాళ్లకు చేసినట్టే వేర్వేరు కిట్లతో యాంటీబాడీలు చూస్తారు. ఇప్పటికి మీ యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో ఉండవు, కాబట్టి కనిపించేది బిడ్డదే.

ఫలితం అదే రోజు చెబుతారు. సంతకం, ముద్ర ఉన్న కాగితం అడిగి తీసుకోండి, జిరాక్స్ ఒకటి తీయించి తల్లీబిడ్డల కార్డుకు దూరంగా మీ మాత్రలు పెట్టుకునే చోట దాచుకోండి. కాట్రిమాక్సజోల్ ఆపమని డాక్టర్ నోటితో చెప్పాకే ఆపండి. ఆసుపత్రికి వచ్చారు కాబట్టి మీ వైరల్ లోడు చేయించి ఏడాది దాటిందేమో కూడా ఆ రోజే అడిగి రక్తం ఇచ్చి వెళ్లండి.